ముట్లుడిగాక ముప్పై ఏళ్ళు



గుంటూరులో ఆడవాళ్ళ వైద్యానికి పాత చరిత్రే ఉంది. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఇక్కడ ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచారు. 1930లో ఈ ఊళ్ళోనే కన్నుమూశారు. కాన్పులో తల్లి చావకుండా చూడడమే అప్పటి పోరాటం. చాలావరకు గెలిచాం. ఆ గెలుపుతోపాటు మన వైద్యానికి ఒక అలవాటు కూడా పట్టుకుంది. బిడ్డల్ని కనే వయసు దాటితే ఆడమనిషి సంగతి ఎవరికీ పట్టదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వెళ్ళినామె మళ్ళీ డాక్టరు ముందుకొచ్చేది గుండెపోటుతోనో, తుంటి విరిగో. ఈ మధ్యలో గడిచిన ముప్పై ఏళ్ళ గురించే ఇవాళ నా మాటలు.

ముట్లు ఆగడం జబ్బు కాదు. అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ మానుకుంటాయి, అంతే. అయితే ఎముకను తినే కణాలను అదుపులో పెట్టేదీ, చెడ్డ కొలెస్ట్రాల్‌ను కాస్త అణచి ఉంచేదీ ఆ హార్మోనే. అది తగ్గిన మొదటి అయిదారేళ్ళలో ఎముక వేగంగా కరుగుతుంది. కొవ్వు పొట్టకు చేరుతుంది. బీపీ, షుగరు మొదలయ్యేదీ ఎక్కువగా అప్పుడే. ఇక్కడ ఒక తిరకాసుంది. అండాశయాలు మానుకున్నా, కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైము కొద్దికొద్దిగా ఈస్ట్రోజెన్ చేస్తూనే ఉంటుంది. ముట్లుడిగాక ఒళ్ళు పెరిగినవాళ్ళకు రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

ముట్లుడిగాక వచ్చే ఈ మార్పుల మీద జరిగిన అతిపెద్ద పరిశోధనల్లో అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ఒకటి. 50 నుంచి 79 ఏళ్ళ ఆడవాళ్ళు లక్షా అరవై వేలమందికి పైగా చేరారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిపి మాత్రలుగా ఇచ్చిన విభాగాన్ని 2002 జూలైలో అర్ధాంతరంగా ఆపేశారు. పదివేలమంది ఏడాదిపాటు ఆ మాత్రలు వాడితే గుండెజబ్బులు 7, పక్షవాతాలు 8, రొమ్ము క్యాన్సర్లు 8 అదనంగా వస్తాయని, తుంటి విరగడాలు 5 తగ్గుతాయని తేలింది. ఆహారం మీద నడిచిన విభాగంలో 48,835 మంది ఉన్నారు. కొవ్వు తగ్గించి తిన్నవాళ్ళకు రొమ్ము క్యాన్సర్‌లో గానీ గుండెజబ్బులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2006లో ప్రకటించారు. నూనె మానేయమ్మా అని చీటీ రాసి పంపించే వైద్యం మీద నాకు పెద్దగా నమ్మకం లేదు.

2002 వార్త మన ఊళ్ళకు చేరేసరికి అందులో ఒక్క ముక్కే మిగిలింది: హార్మోన్ అంటే క్యాన్సర్. ఆ మాత్రలు మింగినవాళ్ళ సగటు వయసు 63 అన్న సంగతి దారిలోనే జారిపోయింది. గర్భసంచి లేని 10,739 మందితో ఈస్ట్రోజెన్ ఒక్కటే పరీక్షించిన విభాగం వేరే ఉందని, అక్కడ పక్షవాతం పెరిగినా రొమ్ము క్యాన్సర్ పెరగలేదని కూడా ఎవరూ చెప్పలేదు. మనకు కావలసింది ఆ రెండో కథే.

ఎందుకంటే 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంమీద 3 శాతానికి కాస్త పైన, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. పత్తి తీతల్లో, మిరప కోతల్లో రోజంతా నడుం వంచే మనిషికి తెల్లబట్ట, అధిక రక్తస్రావం, నడుంనొప్పి వస్తాయి. మందులతో పోయే వాటికి కూడా, సంచి తీసేస్తే పీడ విరగడవుతుంది, లేకపోతే క్యాన్సర్‌లోకి దింపుతుంది అంటారు. ఆమెను అమాయకురాలనడం నాకిష్టం లేదు. చేలో మరుగు ఉండదు, ముట్టు రోజుల్లో కూలి పోతుంది, కోతల సీజను ఆగదు. తన లెక్క తనకుంది. ఆ లెక్క వేసుకునేటప్పుడు ఆమెకు చెప్పాల్సినవి చెప్పలేదు. అండాశయాలు కూడా తీస్తారా? ఉంచినా అవి ముందుగానే ఉడిగిపోవచ్చని ఎవరైనా చెప్పారా? మన దేశంలో ముట్లు సహజంగా ఆగే వయసు సగటున 46. అండాశయాలు రెండూ 35కే పోతే పదేళ్ళకు పైగా హార్మోన్ లేకుండా బతకాలి. 45 లోపు రెండూ తీయించుకుని ఈస్ట్రోజెన్ వాడనివాళ్ళలో మరణాలు ఎక్కువని అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు 2006లో చూపించారు. అలాంటివాళ్ళకు, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోన్ ఇవ్వడం వైద్యలోకం ఒప్పుకున్న పద్ధతే. 63 ఏళ్ళ అమెరికా ఆవిడకు వచ్చిన ముప్పు చూపించి 35 ఏళ్ళ నరసరావుపేట ఆవిడకు మందు రాయకపోవడాన్ని జాగ్రత్త అనలేం.

అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మంచిదే. అయితే ఇప్పటికే ఆపరేషన్ అయిపోయినవాళ్ళు మన మధ్యే ఉన్నారు.

ఇక కంచం సంగతి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సి.వి. హరినారాయణ బృందం ముట్లుడిగిన 164 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన ఫలితాల్లో 82 శాతం మందికి విటమిన్ డి చాలినంత లేదు. అంత ఎండ కాసే తిరుపతిలో! తిండిలో కాల్షియం తక్కువైతే ఒంట్లో ఉన్న డి కూడా త్వరగా ఖర్చవుతుంది. అదే ఏడు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి డాక్టర్ వీణా శత్రుగ్న బృందం పేద ఆడవాళ్ళ ఎముకల మీద చేసిన అధ్యయనం వచ్చింది. వాళ్ళకు రోజుకు తిండిలో అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. ముట్లుడిగినవాళ్ళకు 1200 కావాలని ఆ సంస్థే ఇప్పుడు చెబుతోంది.

మెట్ట ఊళ్ళలో జొన్న, సజ్జ, కొర్ర, రాగి తగ్గి పాలిష్ పట్టిన సన్నబియ్యం నిలిచింది. వంద గ్రాముల రాగుల్లో కాల్షియం 300 పైమాటే, బియ్యంలో పది అటూ ఇటూ. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది, అందులో ఒంటబట్టేది కొంతే అయినా. ఆడపిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి దంచి తినిపించే ఇళ్ళు మనవి. ముట్లుడిగిన తల్లికి మాత్రం ఆ ఉండ పెట్టే ఆచారం లేదు. గేదెలున్న ఇంట్లోనూ పాలు కేంద్రానికి, మజ్జిగ ఆమెకు. ఇహ పచ్చళ్ళు. మిరపకాయను నేను తప్పుపట్టను, దానితోపాటు లోపలికి పోయే ఉప్పుతోనే పేచీ. ఉప్పు బీపీని పెంచుతుంది, మూత్రం వెంట కాల్షియాన్నీ తీసుకుపోతుంది.

తిండికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేవి నీళ్ళు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. షార్ట్ బృందం రాసినది, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. ఆ జిల్లాలోని పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. తర్వాత 1980లలో అమెరికాలో విచిత్రం జరిగింది. ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ళకు ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. మేయో క్లినిక్‌లో రిగ్స్ బృందం 202 మందిని తీసుకుని, సగం మందికి ఫ్లోరైడ్ ఇస్తూ నాలుగేళ్ళు గమనించింది. ఫలితం 1990లో వచ్చింది. మందు మింగినవాళ్ళకు నడుం దగ్గర వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. ఎముక చిక్కబడింది గానీ గట్టిపడలేదు.

అమెరికా నాలుగేళ్ళు చూసి వదిలేసిన ఆ మందును, మోతాదు వేరైనా, కనిగిరి వైపు ఆడవాళ్ళు పుట్టినప్పటినుంచీ బోరునీళ్ళలో తాగుతున్నారు. వైద్య విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోవాలి. అలాంటామెకు వెన్నుమీద ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీస్తే బాగుందనే రిపోర్టు రావచ్చు. దాన్ని నమ్మి ఇంటికి పంపేముందు ఏ ఊరి నీళ్ళు తాగావమ్మా అని అడగండి. తుంటి, ముంజేయి కూడా చూడండి.

చివరిగా ఒక చిన్న పని. ఆశా కార్యకర్త రిజిస్టర్లో గర్భిణికి, బాలింతకు, బిడ్డకు గడులున్నాయి. నలభై దాటినామెకు మరో మూడు గడులు గీద్దాం: సంచి ఏ వయసులో తీశారు, అండాశయాలు ఉంచారా, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎంత. ఒక్క మండలంతో మొదలుపెట్టినా చాలు. రెండో గడి నింపడానికి ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం కావాలి, చాలామంది దగ్గర అది ఉండదు. ఇకనుంచి అండాశయాలు ఉంచారో తీశారో చెప్పే ఒక్క వాక్యాన్ని తెలుగులో రాసి ఆమె చేతికివ్వమని ఆపరేషన్లు చేసే డాక్టర్లను ఈ సభాముఖంగా కోరుతున్నాను.