గడప దాటకుండా లోకయాత్ర
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిపంతుళ్ళను వేదిక ఎక్కిస్తే పాఠం చెప్పకుండా దిగరని మీకు తెలుసు. తెలిసీ పిలిచారు గనుక కాస్త ఓపిక పట్టక తప్పదు. యీ రోజు మా పాఠం ఇంట్లో కూర్చుని లోకం చూడటం గురించి.

మన కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్ళినవాళ్ళు ఎంతమందో మీకు మేము చెప్పనక్కరలేదు. మా తరగతిలో ఒక పిల్లవాణ్ణి లేపి “మీ అబ్బా ఎక్కడ వుంటారు?” అని అడిగితే “కువైట్‌లో సార్!” అని టక్కున చెబుతాడు. సరే, అట్లాసులో చూపించమంటే వేలు తీసుకుపోయి అరేబియా సముద్రం నడిమధ్యన పెడతాడు. వాణ్ణి కోప్పడి లాభం లేదు. వాడికి ఊరి పేరు తెలుసు, చోటు తెలియదు. ఆ మాటకొస్తే వాళ్ళ అబ్బాకు మాత్రం ఏం తెలిసింది? వుండే గది, పని చేసే చోటు, రెంటికీ మధ్య రోడ్డు. దేశం చూసే తీరిక ఆయనకెక్కడిది! కనుక వెళ్ళడం వేరు, చూడటం వేరు. వెళ్ళలేనివాళ్ళు కూడా చూడవచ్చునని, అందుకు పుస్తకం, పక్కన ఒక పటం వుంటే చాలునని చెప్పడమే మా వుద్దేశం.

పుస్తకం అంటే ఏ పుస్తకమైనా కాదు. తిలిస్మాతు కథలు, పరీల కథలు మేమూ చిన్నప్పుడు చదివాం, ఇప్పుడూ చదువుతాం. అయితే కోహెఖాఫ్‌లోని పరీల నగరాన్ని ఏ పటంలోనూ వెతకలేం. ఇక్కడ మేము చెప్పేది నిజమైన ఊళ్ళలో, పేర్లున్న వీధుల్లో నడిచే కథల గురించీ, మనుషులు నిజంగా చేసిన ప్రయాణాల గురించీ.

దూరం పోయేముందు మన ముంగిట్లోంచే మొదలుపెడదాం. ఏనుగుల వీరాస్వామయ్యగారని మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా వుండేవారు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, మన కడప మీదుగా, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ దాకా వెళ్ళి, కలకత్తా చూసుకుని, సముద్రతీరం వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైలు లేని కాలం. పల్లకీ, బోయీలు, గుడారాలు. ఏ మజిలీలో నీళ్ళు బాగున్నాయి, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, దారి ఎట్లా వుంది - ఇవన్నీ రాస్తూ పోయారు. ఎవరికి రాశారు? మద్రాసులోని తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెగారికి. ఆ స్నేహితుడు వాటిని కూర్చి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ పేరుతో అచ్చువేయించారు. చూడండి, ఒకాయన నడిచారు, ఇంకొకాయన ఇంట్లో కూర్చుని చదివారు. ఆ ఇద్దరూ వుండబట్టే యాత్ర మనదాకా వచ్చింది.

ఉర్దూలోనూ ఇటువంటి పెద్దమనిషి ఒకరున్నారు. యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్. పుట్టింది హైదరాబాదులో. లక్నో చేరి అక్కడి నవాబు కొలువులో పని చేశారు. 1837లో కలకత్తాలో ఓడెక్కి లండను వెళ్ళి, చూసినదంతా ఉర్దూలో రాశారు. 1847లో ఢిల్లీలో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఉర్దూలో తొలి సఫర్‌నామాగా చెబుతారు. తర్వాత ‘అజాయిబాతె ఫరంగ్’ అనే పేరుతో ప్రసిద్ధి కెక్కింది. మన దేశంవాళ్ళు తెల్లవాళ్ళను ఎట్లా చూశారో తెలుసుకోవాలంటే ఇటువంటివి చదవాలి. తెల్లవాళ్ళు మనల్ని ఎట్లా చూశారో చెప్పే పుస్తకాలు ఎటూ కొల్లలుగా వున్నాయి.

ఇక పటం సంగతి. జూల్స్ వెర్న్ అనే ఫ్రెంచి రచయిత ఎనభై రోజుల్లో భూప్రదక్షిణ చేసిన కథ రాశాడు. అది 1872లో పత్రికలో ధారావాహికగా వచ్చి 1873లో పుస్తకమైంది. ఫిలియాస్ ఫాగ్ అనే ఆసామి ఇరవై వేల పౌన్లు పందెం కాసి లండన్‌లో బయలుదేరతాడు. సూయెజ్, బొంబాయి, కలకత్తా, హాంకాంగ్, యొకొహామా, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ - ప్రతి మజిలీ పటంలో వేలు పెట్టి చూపించవచ్చు. మా ఎనిమిదో తరగతిలో ఉర్దూలో యీ కథ చెబుతూ గోడ పటం మీద దారం కట్టించాం. భూగోళం గంట అంటే ఆవలించే పిల్లలు ఆ నెలంతా గంట కొట్టినా లేవలేదు.

కథలో ఫాగ్ పందెం ఓడిపోయాననే అనుకుంటాడు. కానీ తూర్పు దిక్కుగా పోయినందువల్ల అతనికి ఒక రోజు కలిసివచ్చింది. అదెట్లా? భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. 360 డిగ్రీలకు 1440 నిమిషాలు, అంటే సరిగ్గా 24 గంటలు. సూర్యుడికి ఎదురు పోయేవాడికి ప్రతి డిగ్రీకి నాలుగు నిమిషాల ముందు పొద్దు పొడుస్తుంది. యీ లెక్క నల్లబల్ల మీద వేసి చూపిస్తే వెనక బెంచీ పిల్లవాడు లేచాడు. “సార్, మరి కువైట్‌లో?” అన్నాడు. మన దేశం గడియారం 82½ డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. కువైట్‌ది 45 డిగ్రీల లెక్కన. తేడా 37½ డిగ్రీలు. నాలుగుతో గుణిస్తే 150 నిమిషాలు, రెండున్నర గంటలు. మనకు రాత్రి తొమ్మిదయితే అక్కడ సాయంత్రం ఆరున్నర. “అయితే మా అబ్బా ఇప్పుడే పని దిగుతుంటాడు” అన్నాడు వాడు. అదీ సంగతి! లండన్‌లో మొదలైన కథ వాణ్ణి వాళ్ళ అబ్బా దగ్గరికి తీసుకుపోయింది.

ఇంటికి దూరంగా వుండే తండ్రి మాట వచ్చింది గనుక రవీంద్రనాథ్ టాగూరుగారి ‘కాబూలీవాలా’ తలచుకోవాలి. 1892 నాటి కథ. కలకత్తాలో ఎండుద్రాక్ష, బాదంపప్పు అమ్ముకునే రహమత్‌కు మినీ అనే చిన్నపిల్ల మీద మమకారం ఎందుకంటే, కొండల అవతల తన ఊళ్ళో అటువంటి కూతురే వుంది. దాని చేతిముద్ర వున్న కాగితం గుండె దగ్గర దాచుకుంటాడు. ఆ కథ చెప్పే మినీ తండ్రి ఇల్లు కదలని మనిషి. దేశాలు చూడాలని కోరిక, కాలు మాత్రం కదపడు. కాబూలీవాలాను కూర్చోబెట్టుకుని కొండలు, కనుమలు, ఒంటెల బారులు అన్నీ అతని మాటల్లోనే చూస్తాడు. పుస్తకం చదివే ప్రతి ఒక్కరూ మినీ తండ్రే. కథ మూసేసరికి మనకు తెలిసివచ్చేదేమంటే, కాబూల్ అంటే ఒక దూరపు ఊరు కాదు, అక్కడ ఒక ఆడపిల్ల తండ్రి కోసం ఎదురు చూస్తోంది. మన వీధిలోని ఎన్ని ఇళ్ళ కథ ఇది!

ఇంకొక ఊరు చెప్పి తీరాలి, అది కైరో. నజీబ్ మహ్‌ఫూజ్ అనే ఈజిప్టు రచయిత 1911లో ఆ నగరంలోని పాత పేట జమాలియ్యలో పుట్టారు. 1956, 57 సంవత్సరాల్లో మూడు నవలలు అచ్చువేశారు. వాటి పేర్లు బైన్ అల్ ఖస్రైన్, ఖస్ర్ అల్ షౌఖ్, అల్ సుక్కరియ్య. మూడూ పాత కైరో వీధుల పేర్లే. అరబ్బీ నుంచి ఇంగ్లీషులోకి వచ్చాయి. మన కాలేజీ పిల్లలు చదవగలరు.

మొదటి నవలలో అమీనా అనే తల్లి వుంది. పెళ్ళయి సుమారు పాతికేళ్ళయినా భర్త అనుమతి లేనిదే గడప దాటి ఎరగదు. కిటికీ జాలీలోంచీ, మిద్దె మీదినుంచీ కనిపించే మినార్లే ఆమెకు తెలిసిన కైరో. భర్త ఊళ్ళో లేని ఒకనాడు చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని దగ్గరలోనే వున్న హుసైన్ మసీదుకు వెళుతుంది. తిరిగివచ్చేటప్పుడు మోటారు తగిలి భుజం ఎముక విరుగుతుంది. భర్త తిరిగివచ్చి, ఆమెకు నయమయ్యేదాకా ఆగి, పుట్టింటికి పొమ్మంటాడు. చదువుతుంటే మన ముసలమ్మలు, నానీలు ఎవరో ఒకరు కళ్ళకు కట్టక మానరు. ఎక్కడి కైరో, ఎక్కడి కడప!

మహ్‌ఫూజ్‌గారికి 1988లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన స్వీడన్ వెళ్ళలేదు. తన ఇద్దరు కూతుళ్ళను పంపించి బహుమానం తెప్పించుకున్నారు. అమీనాను సృష్టించిన మనిషి తన కూతుళ్ళను పంపించారన్న ముక్క మాకు చాలా నచ్చింది. “పుస్తకాలు తెచ్చిచ్చాం గదా, ఇక ఇంట్లో పడివుండండి” అని ఆడపిల్లలకు చెప్పడానికి మేము యీ ప్రసంగం చేయడం లేదు. చదువు మానిపించి ఇంట్లో కూర్చోబెట్టిన పిల్ల చేతికి పుస్తకమైనా అందితే, రేపు గడప దాటే రోజు వచ్చినప్పుడు దారి తెలియక తడబడదు. తానూ తల్లి అయితే తన పిల్లను కూర్చోబెట్టదు.

అయితే అచ్చులో కనిపించిందల్లా నిజమని నమ్మరాదు. ఫాగ్ కథలో అలహాబాదుకు ముందు రైలు పట్టాలు అయిపోతాయి, ఆయనగారు ఏనుగును కొంటాడు. కథ నడిచేది 1872లో. నిజానికి జబల్‌పూరు మీదుగా బొంబాయికీ అలహాబాదుకూ రైలుమార్గం 1870లోనే పూర్తయింది. కథ రక్తి కట్టడానికి రచయిత పట్టాలు పీకేశాడన్నమాట! మహా యాత్రికుడు ఇబ్నె బతూతా 1325లో, ఇరవై ఒకటో ఏట తాంజియర్ నుంచి బయలుదేరాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కింద ఖాజీగా కూడా వున్నాడు. తిరిగివెళ్ళాక ఆయన చెబుతుంటే ఇబ్నె జుజయ్ రాశాడు. ఆ పుస్తకంలో కొన్ని నగరాల వర్ణనలు అంతకు ముందటి యాత్రికుడు ఇబ్నె జుబైర్ గ్రంథంలోంచి తీసుకున్నవని పండితులు తేల్చారు. అంతమాత్రాన ఆయన గొప్పతనం తగ్గదు. మనం చేయవలసిందల్లా ఒక ఊరి గురించి రెండు పుస్తకాలు చదవడం, ఎవరు రాశారు, ఏ సంవత్సరంలో రాశారు అని మొదటి పేజీలోనే చూసుకోవడం. వీలైతే వాటిలో ఒకటి ఆ ఊరివాడు రాసినదై వుండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? దగ్గరి ఊళ్ళతోనే. సత్యం శంకరమంచిగారి ‘అమరావతి కథలు’ నూరు కథలు. కృష్ణ ఒడ్డున ఒకే ఊరు. నెల్లూరి కేశవస్వామిగారి ‘చార్మినార్’ కథల్లో హైదరాబాదు పాతబస్తీ మన ముందుకు వస్తుంది. ఖదీర్‌బాబుగారి ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు జిల్లా ముస్లిం ఇళ్ళ ముచ్చట్లు. మన ఇళ్ళలో మాట్లాడే మాటలు తెలుగు పుస్తకంలో కనిపిస్తే పిల్లలు ఎంత సంబరపడతారో చదివించి చూడండి.

పుస్తకాలు కొనే స్తోమత లేదనే మాట చెల్లదు. ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే వున్నాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం అందుకే వుంది. మన కడపలో సి.పి. బ్రౌన్‌గారు నివసించిన బంగళా స్థలంలోనే ఆయన పేర గ్రంథాలయం వెలసింది. డబ్బు కట్టి సరుకు తెచ్చుకోనివాడు నష్టపోయినట్టే మనమూ నష్టపోతున్నాం.

ఇక ఇంట్లో చేయవలసింది స్వల్పం. గోడకు ఒక ప్రపంచ పటం తగిలించండి. ఫోన్లో పటం వుంది గదా అంటారు. వుంది, దారి చూపిస్తుంది. కానీ అది ఒకరి చేతిలో వుండేది, గోడ పటం ఇంటిల్లిపాదిదీ. రాత్రి భోజనాలయ్యాక చదువు వచ్చిన పిల్ల పది పేజీలు పైకి చదవాలి. చదువు రాని నానీ వినాలి. చదివిన ఊరు పటంలో వెతకాలి. దారంతో కొలిచి స్కేలు ప్రకారం మన ఊరినుంచి ఎన్ని మైళ్ళో లెక్కగట్టాలి. ఉర్దూ వచ్చినవాళ్ళు ఉర్దూలో, తెలుగు వచ్చినవాళ్ళు తెలుగులో. రెండూ వచ్చినవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళకు రెండు తలుపులు.

వచ్చే ఏడు యీ సమావేశానికి వచ్చినప్పుడు మేము మీ పిల్లల్ని ఒక్క ప్రశ్న వేస్తాం. మీ ఇంటి మనిషి వున్న ఊరు పటంలో ఎక్కడుంది, ఆ ఊరి గురించి ఏం చదివారు అని. జవాబు సిద్ధం చేసుకుని రండి.