స్టడీ సర్టిఫికెట్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నన్ను విద్యార్థులకు స్ఫూర్తినిచ్చే మాటలు చెప్పమన్నారు. అంత సరుకు నా దగ్గర లేదు. ఈ బడితో నాకు రెండోసారి పని పడిన సంగతి చెప్తాను. మొదటిసారి చదువుకోడానికి వచ్చాను. రెండోసారి, 46 ఏళ్ళ వయసులో, నేను ఏ రాష్ట్రం వాడినో రుజువు చేసుకోడానికి వచ్చాను.

2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. అప్పటికి నేను హైదరాబాదులో ఒక శాఖాధిపతి కార్యాలయంలో ఇంజినీరుని. జిల్లా పోస్టులు, జోనల్ పోస్టులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. రాష్ట్ర స్థాయి పోస్టుల్లో ఉన్న మమ్మల్ని మాత్రం పంచాలి. ఆ పంపకానికి కమలనాథన్ కమిటీని వేశారు. ఆంధ్రప్రదేశా, తెలంగాణా, ఏదో ఒకటి రాసి సంతకం పెట్టి ఇమ్మని మా చేతికి ఆప్షన్ ఫారం వచ్చింది. ఒకసారి ఇస్తే మార్చుకోడానికి లేదు.

ఆ రోజుల్లో ఆఫీసు క్యాంటీన్‌లో ఇదే మాట. జనాభా లెక్కన 58.32, 41.68 అని అందరికీ నోటికొచ్చేసింది. ఆంధ్రాలో రిటైర్మెంటు వయసు 58 నుంచి 60 చేశారు. తెలంగాణలో అప్పటికి 58 దగ్గరే ఉంచారు. రెండేళ్ళ జీతం, ఆ రెండేళ్ళలో రాబోయే ప్రమోషను, పైన ఎవరెవరు ఎటు వెళ్తే ఎన్ని ఖాళీలు అని కాగితాల మీద లెక్కలు వేసుకున్నాం. ఇంజినీర్లం కదా, ఆ పని బాగా చేశాం.

నా సర్వీసు రిజిస్టరులో స్థానికత రాసిన చోట చిన్న తేడా కనిపించింది. స్టడీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, పదో తరగతి పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే ఆ ప్రాంతం వాడి కింద లెక్క. అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. పుట్టిన ఊరు కాదు, పొలం ఉన్న చోటు కాదు, హైదరాబాదులో నేను కాపురం చేసిన 16 ఏళ్ళు అసలే కాదు. గోడ దూకి బోధికొండ ఎక్కినందుకు డ్రిల్లు మాస్టారి చేతిలో తిన్న దెబ్బలున్న ఆ నాలుగేళ్ళే నాకు రాష్ట్రాన్ని ఇచ్చాయి.

విజయనగరంలో తెల్లవారుజామున రైలు దిగాను. నాతో చదివినవాడు మోటారుసైకిల్ మీద వచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. వాడు ఈ సభలోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. వాడు ఊరు వదల్లేదు. మిల్లులో పనిచేసేవాడు, మిల్లు మూతపడినప్పుడల్లా కౌలు వ్యవసాయం. నెల్లిమర్ల దాటాక ఫారం సంగతి చెప్పాను. బండి ఆపకుండానే అన్నాడు: "మీకు ఏ రాష్ట్రం కావాల అని అడిగి మరీ ఇత్తన్నారు. మా మిల్లు మూసినప్పుడు మమ్మల్నెవులూ ఏటీ అడగనేదురా."

అప్పటి హెడ్మాస్టరుగారు నాకంటే చిన్నవారు. నన్ను 'సార్' అంటే కాస్త ఇబ్బందిగా అనిపించింది. అడ్మిషన్ రిజిస్టరు తెప్పించారు. అట్ట ఊడిపోయింది. అంచులు పెళుసెక్కి ముట్టుకుంటే పొడి రాలుతోంది. నా పేరు దొరికింది. తండ్రి వృత్తి, పుట్టిన తేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ, విడిచిన కారణం. నాకు 'పై చదువులకు' అని ఉంది. కళ్ళు ఊరుకోవు కదా, ఆ చివరి గడి వెంట కిందికి దిగాను. మా తరగతిలో 'పై చదువులకు' అని ఉన్నవాళ్ళు కొందరే. మిగతా వాటిలో 'దీర్ఘకాలం గైర్హాజరు', 'కుటుంబం వలస', మళ్ళీ 'కుటుంబం వలస'. ఎనిమిదో తరగతిలో మా బెంచీ మీద కూర్చునే వాడు ఒక శివరాత్రి జాతర తరువాత మరి రాలేదు. జ్వరమనుకున్నాం. వాళ్ళింటిల్లిపాదీ ఇటుక బట్టీ పనికి వెళ్ళిపోయారని 32 ఏళ్ళ తరువాత ఆ గడిలో చదివాను.

మన వైపు ఊరు విడిచిపెట్టడం కొత్త కాదు. మా తాతగారి తమ్ముడు ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడితే, ఆ మరుసటి ఏడాది వేలమందితో కలిసి కాలినడకన తిరిగొచ్చాడు. వాళ్ళు ఖర్గపూర్ వెళ్ళినా, కలకత్తా వెళ్ళినా, మన మత్స్యకారులు గుజరాత్‌లో వేరావల్ వెళ్ళినా ఆప్షన్ ఫారాలు నింపి వెళ్ళలేదు.

మా ఇంటి సంగతి ఇంకా తమాషా. మా ఆవిడ వాళ్ళది బొబ్బిలి. కానీ మామగారి రైల్వే ఉద్యోగం వల్ల ఆమె చదువంతా సికింద్రాబాదులో సాగింది. కాబట్టి ఆమె హైదరాబాదు స్థానికురాలు, అక్కడ ప్రభుత్వ ఉపాధ్యాయురాలు. జిల్లా పోస్టు కనుక ఆమెకు ఆప్షన్ లేదు. మా అమ్మాయి అప్పటికి ఎనిమిదో తరగతి, అది కూడా అక్కడే. ఒకే కంచాల బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురిలో ఇద్దరు ఒక రాష్ట్రం, ఒకడు ఇంకో రాష్ట్రం. భార్య అక్కడ పనిచేస్తోంది కనుక నన్నూ అక్కడే ఉంచమని అడగడానికి అవకాశం ఉంది. నేను అడగలేదు. ఆంధ్రప్రదేశ్ అని రాసి ఇచ్చేశాను.

ఎందుకు అని అడిగిన వాళ్ళందరికీ "ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంది" అని చెప్పాను. అప్పటికి నాన్నగారు పోయి ఆరేళ్ళు. నా మాట విన్నవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. లెక్కలు వేసిన కాగితం నా చొక్కా జేబులో ఆమెకు దొరికింది.

అమ్మకి చెప్పాను. "అయితే వచ్చేస్తావా ఇక్కడికి?" అంది.

"ఇక్కడికి కాదమ్మా, విజయవాడ. ఆఫీసు అక్కడికి మారుస్తారు."

కాసేపు ఆలోచించింది. "ఐద్రాబాదు నుంచొచ్చినా తెల్లారగట్టే దిగుతావు, బెజవాడ నుంచొచ్చినా తెల్లారగట్టే దిగుతావు. మరి నాకేటి తేడా నాయనా?"

2016 జూన్‌లో ఆఫీసులు తరలించారు. వారానికి ఐదు రోజుల పని ఇచ్చారు. నలుగురం కలిసి ఒక గదిలో ఉండేవాళ్ళం. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి విజయవాడ స్టేషనులో మా వాళ్ళందరూ సంచులతో నిలబడేవారు. అటు హైదరాబాదు దాదాపు 275 కిలోమీటర్లు, ఇటు విజయనగరం 400 పైచిలుకు. ఒక వారం అటు, ఒక వారం ఇటు అనుకున్నాను. అమ్మాయి పదో తరగతి, తరువాత ఇంటరు, ఎంసెట్. అన్ని వారాలూ అటే అయ్యాయి. హైదరాబాదు నుంచి మారి వచ్చిన వారి పిల్లలకు ఆంధ్రాలో స్థానికత ఇస్తామని మొదట మూడేళ్ళ గడువు పెట్టి తరువాత పొడిగించారు. కానీ బడి మార్చనని మా అమ్మాయి మొండికేసింది. ఆ విషయంలో అది చేసిందే సరైనదని ఇప్పుడు అనుకుంటాను.

అమ్మ 2019లో పోయింది. దినకార్యాలు అయ్యాక ఇల్లు సర్దుతుంటే అలమార అరల్లో పాత క్యాలెండర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద అక్కడక్కడ పెన్సిల్‌తో గుండ్రాలు చుట్టి ఉన్నాయి. ముందు గ్యాస్ సిలిండరు తేదీలనుకున్నాను. సంక్రాంతి, నాన్నగారి తద్దినం, మా అమ్మాయి సెలవులు... చూస్తుంటే తెలిసింది, నేను వచ్చిన రోజులవి. 2013లో, అంటే హైదరాబాదులో ఉన్నప్పుడు, ఐదు గుండ్రాలు. 2018లో, 'అమ్మ కోసం' ఆంధ్రాకి వచ్చేశాక, ఏడు.

ఆ ఏడు గుండ్రాల మాట మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఈ ముందు వరసల్లో కూర్చున్న పిల్లల్లో చాలామందికి రేపో మాపో ఇలాంటి ఫారం ఒకటి వస్తుంది. అది ప్రభుత్వం ఇచ్చేదే కానక్కర్లేదు. బెంగుళూరు కంపెనీ ఆఫర్ లెటరు కావచ్చు, వీసా కావచ్చు. వెళ్ళండి, ఉండండి, మీ ఇష్టం. మీ లెక్క కాగితం మీద ఉన్నదేదో ఇంట్లో వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పండి. నేను అమ్మకి ప్రమోషను సంగతి చెప్పి ఉంటే "ఎల్లు నాయనా" అనేది. పైగా సంతోషించేది. చెప్పకపోవడం వల్ల, ఆమె నేను దగ్గరికొస్తున్నానని నమ్మి ఎదురుచూసింది.

మా అమ్మాయి ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తోంది. వెళ్తున్నానని చెప్పింది, వెళ్ళాలా అని అడగలేదు. నా వంటింటి గోడకి ఈ ఏడాది క్యాలెండరు ఉంది. పెన్సిల్ కూడా పక్కనే పెట్టుకున్నాను.

చివరగా ఒక విన్నపం. మొన్న వచ్చినప్పుడు ఆ అడ్మిషన్ రిజిస్టర్లు మళ్ళీ చూశాను. పాతవాటిలో రెండింటికి చెద పట్టింది. పింఛనుకి, పాస్‌పోర్టుకి, పుట్టిన తేదీకి ఇప్పటికీ మన ఊరివాళ్ళు వాటికోసమే వస్తారు. స్వర్ణోత్సవ నిధిలో కొంత ఆర్చికి, కొంత రంగులకి అనుకుంటున్నారు. ముందు ఆ రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించి, గట్టి అట్టలు వేయించి, ఒక ఇనప బీరువా కొందాం. హెడ్మాస్టరుగారు అనుమతి ఇస్తే బీరువా ఖర్చు నాది. స్కానింగ్ దగ్గర కూర్చోడానికి ఇద్దరు కుర్రాళ్ళు కావాలి. సభ అయ్యాక నీళ్ళ ట్యాంకు దగ్గర ఉంటాను, వచ్చి పేర్లు ఇవ్వండి.