సిగ్గా? సోషల్ యాంగ్జైటీనా?

ఈరోజు సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ గురించి మాట్లాడుకుందాం. మన ఇళ్లల్లో దీనికి ఒకటే పేరు: "మావాడికి కొంచెం సిగ్గు."

సిగ్గు వేరే. కొత్తవాళ్లింటికి పోతే, కాఫీ తాగేలోపు అది పోతుంది. ఇది పోదు. అందరూ నన్నే చూస్తున్నారు, నేనేదో తప్పు మాట్లాడతాను, నవ్వుతారు అనే భయం ఇది. ఆరు నెలలకు పైగా ఉండి, చదువుకో పనికో అడ్డం పడుతుంటే డాక్టర్లు దీన్ని జబ్బుగానే చూస్తారు. 1980లో అమెరికా సైకియాట్రీ మాన్యువల్‌లోకి 'సోషల్ ఫోబియా' పేరుతో ఎక్కింది. చాలామందికి హైస్కూల్ వయసులోనే మొదలవుతుంది.

పుంగనూరు నుంచి మదనపల్లెకు రోజూ బస్సులో కాలేజీకి పోయే అబ్బాయి ఒకడు ఉన్నాడనుకోండి. స్టాప్ వస్తుంది. "అన్నా, ఆపండి" అనాలి. బస్సంతా తిరిగి చూస్తుందని గొంతు రాదు. తర్వాతి స్టాప్‌లో ఎవరో దిగితే వాళ్ల వెనకే దిగి, వెనక్కి నడుస్తాడు. అలా నడిచేటప్పుడు హమ్మయ్య అనిపిస్తుంది చూడండి, అసలు సమస్య అదే. తప్పించుకుంటేనే క్షేమం అని మెదడు నేర్చుకుంటుంది. అడిగినా ఏమీ కాదని తెలుసుకునే ఛాన్సే దానికి రాదు. రేపు వైవా ఎగ్గొడతాడు. ఎల్లుండి ఇంటర్వ్యూ. కుప్పంలో రైలెక్కితే బెంగళూరు ఎంత దూరం? కానీ మన యాస విని నవ్వుతారేమోనని, "నాకా ఉద్యోగం ఇష్టంలేదు" అనేస్తాడు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు.

ఫోన్ సంగతీ అంతే. నలుగురిలో నిలబడగానే, రాని మెసేజ్ కోసం స్క్రీన్ చూస్తాం కదా? తల దించుకుని ఉన్నంతసేపు భయం తగ్గినట్టే ఉంటుంది. ఎదుటివాళ్లు మనల్ని పట్టించుకోవడం లేదని మాత్రం కనిపించదు.

సీబీటీ అనే మాటల చికిత్స ఉంది. భయపడే పనుల్ని చిన్నవాటితో మొదలుపెట్టి చేయిస్తారు. మొదట టీ అంగట్లో "చక్కెర తక్కువ" అని చెప్పడం, తర్వాత కండక్టర్‌ని పిలవడం, అలా. "స్టేజీ ఎక్కెయ్, అదే పోతుంది" అనే సలహా వింటే నాకు చిరాకు. అది చికిత్స కాదు, నెట్టేయడం. కొందరికి మందులూ ఇస్తారు, అవి పనిచేసేదానికి కొన్ని వారాలు పడుతుంది.

కుప్పం వైపు వాళ్లకు మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఎక్కడున్నా సరే, 14416కి ఫోన్ చేయొచ్చు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ చేయడమే భయం కదన్నా అంటారా? నిజమే. చెప్పాల్సింది ముందే కాగితం మీద రాసుకుని, చూసి చదివేయండి.