వట్టిపోయిన పశువునకు గ్రామమున చోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)

  

ఈ శుభసమయమున నన్నుగూడ నాలుగు మాటలు పలుకుమని కార్యవర్గమువారు కోరిరి. లెక్కలు వ్రాయుట నా వృత్తి. తీరిక వేళల మన గ్రంథాలయమునందలి కావ్యములు చదువుకొనుట నాకు గల వ్యసనము. గురుముఖమున చదివినవాడను కాను గనుక నానుండి పాండిత్యమును ఆశింపవలదని మనవి. మన యువకులు కొందరు వట్టిపోయిన ఆవులకును, ముసలి ఎద్దులకును, దిక్కులేని దూడలకును ఒక సంరక్షణశాల స్థాపింపవలెనని సంకల్పించినారు. దానిని గూర్చి ఊరిలో రెండు మాటలు వినవచ్చుచున్నవి. "పాలివ్వని గొడ్డును ఎవరు మేపుతారయ్యా?" అని కొందరు. "ముందు శాల తెరవండి, ధర్మమే మేపుతుంది" అని మరికొందరు. ఈ రెంటికిని నడుమ ఒక త్రోవ కలదని నా విన్నపము.

ఈ అవసరము ఎట్లు కలిగినదో మొదట విచారింతము. దుక్కికి, బండికి, మోటకు ఎద్దే ఆధారమైన కాలమున, పని ఉడిగిన ఎద్దునకు గూడ కొట్టమున ఒక మూల దక్కెడిది. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఆవు కోడెదూడను ఈనుటయే ఇంటికి దిగులైనది. గేదెకు పుట్టిన దున్నదూడకు కడుపునిండ పాలు దొరకుట అరుదు. కోతయంత్రము వచ్చిన పిమ్మట గడ్డి చేనిలోనే చెదరిపోవుచున్నది. పెక్కుచోట్ల దానిని తగులబెట్టుచున్నారు. ఒకవైపు గడ్డి కాలుచుండగా మరియొకవైపు పశువు ఆకలిగొనుచున్నది. ఇందులకు రైతును క్రూరుడనుట న్యాయము కాదు. అప్పుతో, అరకొర నీటితో సేద్యము చేయువాడు మేత కొని ముసలి పశువును ఎన్నాళ్లు పోషింపగలడు?

ఈ చింత మనకు క్రొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండబండలపై అశోక చక్రవర్తి శాసనములు నేటికిని ఉన్నవి. మనుష్యులకును పశువులకును చికిత్సలు ఏర్పరచితినని, ఓషధులు నాటించితినని, బావులు త్రవ్వించితినని ఆయన అందు చెప్పుకొనెను. బొంబాయి నగరమున వీధికుక్కలను చంపించుటపై 1832లో గొప్ప అలజడి రేగెను. తరువాత 1834లో జంషెట్జీ జీజీభాయి మొదలగు వర్తకులు అచ్చట పింజరాపోలును నెలకొల్పిరి. గుజరాతు దేశపు పింజరాపోళ్లకు వర్తకులే తమ సరుకులపై 'లాగా' అను చిన్న పన్నును తమంత తాము విధించుకొని ధనము కూర్చెడివారు. రాజు అడుగని పన్నును ప్రజలే వేసికొనుట విశేషము.

పరదేశమునను ఇట్టి యత్నము జరిగినది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, లాంకాస్టరు పశువుల సంతలో, చచ్చిన పశువుల కుప్పపై ప్రాణముతోనున్న గొఱ్ఱె నొకదానిని 1986లో కొందరు యువజనులు కనుగొనిరి. దానికి హిల్డా అని పేరిడి సాకగా అది పదేండ్లకు పైగా జీవించెను. వారు స్థాపించిన 'ఫార్మ్ శాంక్చువరీ' అను సంస్థ తరువాత న్యూయార్కు రాష్ట్రమున విశాలమైన క్షేత్రముగా పెరిగినది. వ్యాను నిండ శాకాహారపు తినుబండారములు పెట్టుకొని, సంగీతసభల యొద్ద అమ్మి, తొలినాళ్ల ఖర్చు గడిపిన వారు వీరే.

ఇక శాలను నడపుట యన నేమో కాళిదాసుని యడుగుదము. రఘువంశమున దిలీపుడు నందినీధేనువునకై సింహమునకు తన దేహమునే అర్పింపబూనిన ఘట్టము అందరికిని జ్ఞాపకమే. కాని ఆ సింహము కనబడుటకు ముందు ఇరువదియొక్క దినములు గడచినవి. ఆ దినములలో రాజు చేసినదేమి? పచ్చిక కడి కడిగా అందించెను. ఒడలు గోకెను. ఈగలు తోలెను. ఆవు నిలిచిన నిలిచెను, పరుండిన కూర్చుండెను. దేహత్యాగము ఒక్క గడియలోని పని. ఈగలు తోలుట ప్రతిదినము చేయవలసిన పని. నందిని కామధేనువు బిడ్డ, అడిగిన వరము నిచ్చెను. మన శాలకు వచ్చు గొడ్డు పేడ తప్ప మరేమియు ఈయదు. చేయవలసిన సేవ మాత్రము అదియే.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గోధ్యక్షుని విధులు చెప్పుచు, ప్రతి పశువు యొక్క ముద్రను, పుట్టుమచ్చలను, రంగును, కొమ్ముల నడిమి ఎడమును పుస్తకమున వ్రాయవలెననెను. పసిదానికిని, ముసలిదానికిని, రోగముతో నున్నదానికిని గోపాలకులే చికిత్స చేయవలెననియు విధించెను. నేడు పశువు చెవికి వేయు పన్నెండంకెల బిళ్ల ఆ ముద్రకు మారుపేరే. దయకు లెక్క అడ్డు కాదని దీనివలన తెలియుచున్నది.

ఆ లెక్కను చిత్తగింపుడు. సుమారు 300 కిలోల బరువుగల ముసలి ఆవునకు దినమునకు 6 కిలోల ఎండుగడ్డియు, 10 కిలోల పచ్చిమేతయు, 40 లీటర్ల నీరును వలయును. పది పశువులకు ఏడాదికి ఎండుగడ్డి 219 క్వింటాళ్లు. మంచి వరిచేను ఎకరమునకు సుమారు 20 క్వింటాళ్ల గడ్డి నిచ్చును. అనగా పదకొండు ఎకరముల గడ్డి. నూటపది ఎకరముల రైతులు తమ గడ్డిలో పదియవ వంతు విడిచినచో ఇది తీరును. నీటి వసతిగల ఒక ఎకరమున నేపియరు గడ్డి వేసినచో పచ్చిమేతకు కొరత ఉండదు. పది పశువుల పేడ దినమునకు నూరు కిలోలు. దానితో రెండు కుటుంబముల వంటకు సరిపడు గోబరుగ్యాసు వచ్చును, మిగిలినది చేనికి ఎరువగును.

మరికొన్ని నియమములు తప్పనిసరి. క్రొత్తగా వచ్చిన పశువును మూడు వారములు వేరుగా కట్టవలెను. ఆరు మాసముల కొకసారి గాలికుంటు టీకా, వానలకు ముందు గొంతువాపు టీకా వేయింపవలెను. 2022లో లంపీ చర్మవ్యాధి దేశమంతట ఎన్ని పశువులను పొట్టన పెట్టుకొనినదో మరువరాదు. శాలలో దూడలు పుట్టకుండ ఆబోతులను వేరుగా నుంచవలెను, లేదా విత్తులు కొట్టింపవలెను. లేనిచో పది యిరువదియగును. చచ్చినదానిని నీటివనరులకు దూరముగా లోతుగా పూడ్చవలెను. సొమ్ము తీయుటకు ఇద్దరి సంతకము లుండవలెను.

ఇప్పుడు కఠినమైన మాట చెప్పక తప్పదు. పదింటికి మేత కూర్చితిమి. పదునొకండవ పశువు ద్వారము కడకు వచ్చినచో ఏమి చేయుదుము? కన్నీటితో లోనికి తోలినచో పదకొండును అర్ధాకలితో నుండును. ఇరువది వచ్చినచో వేసవిలో ఒక్కొక్కటే కూలబడును. సంతలో ఒక్క దినమున పోవలసిన ప్రాణము మన కన్నుల యెదుట నెలల తరబడి పోవును. దానికి శాల యని పేరుపెట్టినంతమాత్రమున పుణ్యము రాదు. పదేండ్ల ఎద్దును నేడు చేర్చుకొనినచో మరి ఎనిమిదేండ్లో పదేండ్లో మేపవలసియుండును. చేర్చుకొనుట అనగా అన్నేండ్లకు మాట యిచ్చుట. మాట యీయలేనపుడు "లేదు" అనుటయు ధర్మములోని భాగమే.

అట్లని ఆ రైతును వట్టిచేతులతో పంపరాదు. "అన్నా, నీ కొట్టముననే దీనిని ఉంచుకో, వేసవి నాలుగు నెలలకు గడ్డి మేమిస్తాము, డాక్టరుగారిని మేము పిలుచుకొస్తాము" అని చెప్పవలెను. శాలలోని పది పశువులకంటె, ఇట్లు సొంత కొట్టములలో నిలిచిన పశువులే మనకు గొప్ప ఫలము. చేర్చుకొన్న పశువు యజమానియు ఏటేట ఒక బండెడు గడ్డి పంపవలెను. అప్పుడు శాల బరువు దింపుకొను చోటుగా మారదు.

కావున యువకులకు నా మనవి యిది. ముందు పశువును తేకుడు; ముందు వామి వేయుడు. ఒక సంవత్సరపు గడ్డి వామిలో చేరిన పిదపనే మొదటి పశువు మెడలో పలుపు వేయుడు. రైతుసోదరులకు నా మనవి మరియొకటి. రాబోవు కోతలకు చేనిలో నిప్పు పెట్టక, పదియవ వంతు గడ్డిని కట్టలు కట్టించి యీయుడు. శాల పద్దుపుస్తకము ఈ గ్రంథాలయపు బల్లపై వార్తాపత్రికల ప్రక్కనే ఉండవలెను. ప్రతి నెల మొదటి ఆదివారమున దానిని నేనే బిగ్గరగా చదివెదను. వచ్చిన గడ్డియెంత, తిన్నదెంత, మిగిలినదెంత యని చదువు నేర్చినవారును, నేర్వనివారును విని ప్రశ్నింపవచ్చును.