కడలి నుండి కొండకు

సైకిలు మనకు క్రొత్త వస్తువు కాదు. పాలవాడును, బడిపంతులును, పొలమునకు పోవు రైతును దానిపైననే తిరిగిరి. తారురోడ్లు లేని దినములలో అది నడచినది మట్టిదారులమీదను, కంకరదారులమీదను గాక మరెక్కడ? ఆ పాత అలవాటే ఇటీవల పాశ్చాత్య దేశములలో ఒక క్రీడగా మారి, గ్రావెల్ బైకింగ్ అను పేరుతో మన నగరములకు వచ్చినది. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, ఎంపోరియా అను చిన్న పట్టణమువద్ద 2006 లో కొలదిమందితో ఆరంభమైన 200 మైళ్ల పందెము దీనికి ప్రసిద్ధి కలిగించినది. 2022 లో ఇటలీదేశమున దీనికి ప్రపంచ పోటీలును మొదలైనవి.

ఈ సైకిలు విశేషమంతయు టైరులో నున్నది. పందెపు సైకిలు టైరు వెడల్పు సుమారు 28 మిల్లీమీటర్లు. కంకరదారి సైకిలుకు 40 మిల్లీమీటర్లు గాని, అంతకు మించి గాని యుండును. గాలి కొంచెము తక్కువగా నింపినచో టైరు రాతిమీద మెత్తగా ఒదిగి, జారక పట్టునిచ్చును. మరీ తగ్గించినచో రాతికిని రిమ్ముకును నడుమ ట్యూబు నలిగి తెగును. ఎక్కుటకు చిన్న గేర్లు, దిగుటకు నమ్మదగిన బ్రేకులు — ఇంతకు మించిన రహస్యము దీనిలో లేదు.

కడలియు కొండయు మిక్కిలి చేరువగా నున్న తావు మన విశాఖ తీరము. గడచిన శీతకాలమున మేము ముగ్గురు మిత్రులము విశాఖపట్నము నుండి భీమునిపట్నము మీదుగా మూడు దినములలో అరకులోయ చేరవలెనని బయలుదేరితిమి. ఇరువురివి క్రొత్త తరహా సైకిళ్లు. మూడవది వెడల్పు టైర్లు తొడిగిన పాత సైకిలే.

భీమిలి వరకు సుమారు 30 కిలోమీటర్ల త్రోవ. కుడిచేతి వైపున సముద్రము. ఎడమచేతి వైపున తొట్లకొండ, బావికొండ అను ప్రాచీన బౌద్ధారామముల కొండలు. తారురోడ్డుపై వాహనముల రద్దీ యెక్కువ గనుక, వీలున్న చోటనెల్ల ఒడ్డువెంట సాగు మట్టిబాటలు పట్టితిమి. ఇసుకలో చక్రము దిగబడినప్పుడు బలము చూపినందువలన లాభము లేదు. చిన్న గేరులో, హ్యాండిలును బిగపట్టక, ఆగకుండ త్రొక్కుటయే ఉపాయము. ఉప్పుగాలియు ఇసుకయు చైనుకు శత్రువులు; ప్రతి సాయంత్రము తుడిచి నూనె వేయవలెను.

త్రోవలో ఎర్రమట్టి దిబ్బలున్నవి. గాలి కుప్పవోసిన ఇసుక వేలాది సంవత్సరములలో ఇనుపధాతువు వలన ఎర్రబారి, వానకు కోసికొనిపోయి, లోతైన చీలికలుగా నిలిచినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ మెత్తని దిబ్బలపై చక్రము దింపుట సులభమే. కాని ఆ గాడిలో వాననీరు చేరి దిబ్బను మరింత కోయును. మేము సైకిళ్లను వెలుపలనే నిలిపి నడచి చూచితిమి.

ఆ రాత్రి భీమిలిలో బస. అచ్చట గోస్తనీ నది సముద్రమున గలియును. మరునాటి నుండి ఆ నదియే మాకు దారి చూపినది. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల క్రిందుగా పారి, తాటిపూడి జలాశయమున నిలిచి, కడపట భీమిలి చేరునది గోస్తని. 1960 దశకమున నిర్మించిన ఆ తాటిపూడి నుండి విశాఖ నగరమునకు త్రాగునీరు వచ్చుచున్నది. నది మాత్రమే గాదు, రాయియు ఒక్కటే. విశాఖ తీరమున అలలు తాకు కొండలును, అరకు చుట్టునున్న కనుమలును అధికభాగము ఖొండలైటు అను శిలయే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున భూశాస్త్రజ్ఞులు ఈ కొండలలో నివసించు ఖోందుల పేరే ఆ శిలకు పెట్టిరి. మా చక్రముల క్రింద నలిగిన కంకరకు గిరిజనుల పేరున్నదన్నమాట.

పద్మనాభము, శృంగవరపుకోట దాటి బొడ్డవరము చేరుసరికి కొండ యెదురైనది. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. దానిని చేరుటకు అంతకంటె ఎత్తైన గాలికొండ ప్రాంతమును దాటవలెను. ఘాటురోడ్డు తారు వేసినదే. దాని నుండి చీలి గూడెములకు పోవు దారులలోనే కంకరయు, మట్టియు, వాగులును ఉన్నవి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీతోటలు, చెట్లకు ప్రాకిన మిరియపుతీగెలు, వాలుపై పసుపు పరచినట్లు వలిసెపూలు చూచుచు మూడవనాడు అట్టి దారి నొకదానిని పట్టితిమి.

ఒక దిగుడులో గంట మ్రోగించుచు వడిగా పోవుచుండగా, కొండచీపుళ్ల మోపు నెత్తిన బెట్టుకొని వచ్చుచున్న ఒక స్త్రీ బెదరి దారి వీడి, ముండ్లపొదలో నిలువబడినది. మేము ఆగలేదు. ఆగవలసినదని తోచునంతలో తరువాతి మలుపు వచ్చినది. అచ్చట మా మిత్రుడొకడు వెనుక బ్రేకును ఒక్కసారిగా బిగించి, చక్రము జారి పడిపోయెను. మోకాలు చీరుకొనిపోయినది.

దగ్గరి గూడెము నుండి కొండదొరలు నలుగురు వచ్చి, అతనిని అరుగుపై కూర్చుండబెట్టి, నీళ్లు తెచ్చి గాయము కడిగిరి. కొంతసేపటికి ఆ మోపు మోసిన ఆమెయు అక్కడకే వచ్చినది. ఆ యింటి కోడలట! క్షమింపుమంటిమి. ఆమె నవ్వి లోనికి పోయినది. మాటలలో మేము దారి చక్కదనమును పొగడితిమి. తారు వేయకపోవుటచేతనే ఇంత అందముగా నున్నదంటిమి. అరుగుమీది వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, ఇట్లనెను:

"బాగుందంటన్నారు బాబూ మీరు. పోయిన వానల్లో మా కోడలికి నొప్పులొస్తే, డోలీ గట్టి ఈ రాళ్లమీదే రోడ్డుదాకా మోసినాం. తారేస్తే మీకు సరదా పోతాదేమో గానీ, మాకు పేణం నిలబడతాది."

మేము బదులు చెప్పలేకపోతిమి. డోలీ యనగా కఱ్ఱకు దుప్పటి కట్టి, అందు రోగిని పరుండబెట్టి, భుజములపై మోయుట. రోడ్డు లేని గూడెములలో నేటికిని ఇదియే గతి. 2025 ఏప్రిలులో రాష్ట్ర ప్రభుత్వము అడవితల్లి బాట అను పేరుతో గిరిజన గ్రామములకు రోడ్లు వేయు పనిని ఆరంభించినదనుటయే ఈ కొఱత యెంతటిదో తెలుపుచున్నది.

ఈ కొండలలో రోడ్డు చరిత్రయు సామాన్యమైనది కాదు. అరకునకు దక్షిణమున, నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన ఘాటుదారిలో ఆంగ్ల ప్రభుత్వపు అధికారులు గిరిజనులచేత అతిస్వల్పమైన కూలికి నిర్బంధముగా చాకిరి చేయించిరి. ఆ బాధయు, అటవీ నిర్బంధములును కలిసి 1922 ఆగస్టున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగుబాటుగా మారినవి. ఆనాడు ప్రభుత్వము తన అవసరమునకు రోడ్డు వేయించి చాకిరి వారిచేత చేయించినది. నేడు మన వినోదముకొఱకు వారికి రోడ్డే వద్దనుకొన్నచో, ఆ తప్పు మరొక రూపమున చేసినవారమే యగుదుము.

కనుక ఈ యాత్రకు పోగోరు యువకులకు మేము చెప్పునది ఇది. వానకాలమున పోవలదు, నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలము. విడి ట్యూబు, గాలిపంపు, త్రాగునీరు, గాయమునకు మందు వెంట నుండవలెను. దిగుడులో రెండు బ్రేకులను మెల్లగా, కలిపి వాడవలెను. మోపుతో వచ్చువారు కనబడినచో గంట మ్రోగింపక, దిగి ప్రక్కకు నిలువవలెను. గూడెములో అడుగకుండ ఫొటో తీయరాదు. కొనదలచినది సంతలో వారియొద్దనే కొనవలెను. ఆ దారికి తారు పడినప్పుడు సంతోషింపవలెను. కంకర మరొకచోట దొరకకపోదు.

ఆనాడు సాయంత్రము కుంటుచున్న మిత్రునితో అరకు చేరితిమి. ఆ గూడెపు కోడలు మా సీసాలు ఊటనీటితో నింపియిచ్చినది. మా నగరమునకు చేరు గోస్తనీ నీరును ఈ కొండల నుండి దిగునదే. మూడు దినములు త్రొక్కిన పిదపగాని ఆ సంగతి మాకు మనసున పట్టలేదు.