న్యాయస్థానం గడప దాకా
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

స్కాలర్‌షిప్పులు, వితంతువుల సహాయం, వైద్య ఖర్చుల లెక్కలు కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. మేము ఈసారి కోర్టుల గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. సేవా సంఘానికి కోర్టులతో పనేమిటని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట్లో అలాగే అనిపించింది.

పోయిన చలికాలంలో ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా కోర్టు కాగితాలు. కొడుక్కి బెయిలు వచ్చి రెండు నెలలు దాటింది, అయినా అతను జైల్లోనే ఉన్నాడు. ఇద్దరు జామీన్‌దారులు కావాలి. వాళ్ల పేరున ఇంటి పన్ను రసీదు ఉండాలి. ఆమెది అద్దె ఇల్లు, చుట్టుపక్కల వాళ్లవీ అద్దె ఇళ్లే. జడ్జి గారు బెయిలు ఇచ్చారు గానీ ఆ ఉత్తర్వు జైలు తలుపు దాకా వెళ్లలేదు.

ఆ రోజు నుంచి మా కమిటీలో ఈ మాటే నడుస్తోంది. కోర్టు ఎవరికీ లొంగకుండా ఉండటం ఒక సంగతి. పేదవాడు ఆ కోర్టు దాకా వెళ్లి, వచ్చిన న్యాయాన్ని ఇంటికి తెచ్చుకోగలగడం ఇంకో సంగతి. రెండూ ఉంటేనే న్యాయం ఉన్నట్టు.

మొదటి సంగతికి మన దేశ చరిత్రలోనే పెద్ద పాఠం ఉంది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. మీసా చట్టం కింద వేలాది మందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టారు. వారి తరఫున హెబియస్ కార్పస్ పిటిషన్లు పడ్డాయి. వాటిని వినే అధికారం తమకు ఉందని తొమ్మిది హైకోర్టులు చెప్పాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జబల్పూర్ ఏడీఎం కేసు అంటారు దాన్ని. ఒక పోలీసు అధికారి సొంత కక్షతో మనిషిని చంపినా కోర్టుకు వెళ్లే దారి లేదా అని జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్‌ను అడిగారు. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే జవాబు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న తీర్పు చెప్పిన ఐదుగురిలో నలుగురు ప్రభుత్వం వైపే మొగ్గారు. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

దానికి ఆయన మూల్యం చెల్లించారు. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి సీనియారిటీ ప్రకారం ఆయనకు రావాలి. ప్రభుత్వం ఆయన్ని పక్కన పెట్టి, ఆయన తర్వాతివారైన జస్టిస్ ఎం.హెచ్. బేగ్‌కు ఇచ్చింది. ఖన్నా రాజీనామా చేశారు. ఆ పాత తీర్పు తప్పని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది 2017 ఆగస్టు 24న. అంటే 41 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. జస్టిస్ బేగ్ మనవారే. నిర్బంధితుల తలుపు మూసిన నలుగురిలో ఆయనా ఒకరు. ఆ తలుపు తెరిచి ఉంచాలన్న ఖన్నా మనవారు కారు. అందుకని బెంచి మీద ఎవరు కూర్చున్నారు, ఏ పేరువారు, ఏ మతంవారు అని లెక్కపెట్టుకుని ధైర్యపడటం, దిగులుపడటం రెండూ పొరపాటే. న్యాయం దగ్గర సొంతవాళ్లు, పరాయివాళ్లు అనే తేడా ఉండకూడదని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. జడ్జిని తూచేటప్పుడు కూడా ఆ తూకమే వాడాలి.

మరి జడ్జికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి రావాలి? మనిషి మంచితనం ఒక్కటే చాలదు, ఏర్పాట్లు కూడా ఉండాలి. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తీసేయాలంటే పార్లమెంటు రెండు సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి. జీతాన్ని ఏటా ఓటుకు పెట్టరు. ఇవన్నీ రాజ్యాంగం కట్టిన గోడలు. అయినా సందులు ఉన్నాయి. 1973లో ముగ్గురు సీనియర్లను దాటించి జస్టిస్ ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఎమర్జెన్సీలో 16 మంది హైకోర్టు జడ్జీలను బదిలీ చేశారు. ఆ అనుభవాల తర్వాతే, 1993 తీర్పుతో, నియామకాల్లో న్యాయమూర్తుల మాటకు పైచేయి వచ్చింది. ఆ పద్ధతిని మార్చే చట్టాన్ని 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తలుపులు మూసుకుని జడ్జీలే జడ్జీలను ఎంచుకోవడం ఏమిటన్న విమర్శా ఉంది, అందులో నిజమూ ఉంది. ప్రభుత్వం చేతిలో పెట్టినా ప్రమాదమే, ఎవరికీ కనపడకుండా చేసినా ప్రమాదమే.

మన వంతు కూడా ఉంది. మనకు అనుకూలంగా తీర్పు వస్తే కోర్టు గొప్పది, వ్యతిరేకంగా వస్తే అమ్ముడుపోయింది అనే అలవాటు మనలోనూ ఉంది. తీర్పు తప్పనిపిస్తే కారణాలతో విమర్శిద్దాం, అప్పీలుకు వెళ్దాం. అంతేగానీ కోర్టు మీద జనానికి ఉన్న నమ్మకాన్ని మనమే తెంచితే, రేపు మనకే ఎక్కడికి పోవాలో తెలియదు. బలవంతుడికి ఇంకా వెయ్యి దారులు ఉంటాయి. బలహీనుడికి మిగిలేది ఆ ఒక్క గడపే.

ఇక రెండో సంగతి. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆమె బీహార్ జైల్లో ఉన్న విచారణ ఖైదీ. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపినవాళ్లు ఆ జైళ్లలో ఉన్నారని పత్రికలో వచ్చిన వ్యాసాలు చూసి, న్యాయవాది కపిలా హింగోరాణి పిటిషన్ వేశారు. త్వరగా విచారణ జరగడం ప్రాథమిక హక్కేనని, పేద ముద్దాయికి ప్రభుత్వం ఉచితంగా వకీలును ఇవ్వాలని కోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ పి.ఎన్. భగవతి, 1976 తీర్పులోని నలుగురిలో ఒకరు. తలుపు మూసిన చెయ్యే మూడేళ్లకు ఇంకో తలుపు తెరిచింది.

తెరిచిన ఆ తలుపు గురించి మనలో చాలామందికి ఇంకా తెలియదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. 15100కు ఫోను చేస్తే చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, గరిష్ఠ శిక్షలో సగం కాలం, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే మూడో వంతు, జైల్లో గడిపినవారిని విడుదల చేయాలని కొత్త నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ చెబుతోంది. ఒకటికి మించి కేసులుంటే ఇది వర్తించదు. బెయిలు వచ్చి నెల దాటినా జామీను పెట్టుకోలేనివారి షరతులను సడలించే విషయం చూడాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2022 అధికారిక లెక్కల ప్రకారం మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే.

హక్కు కాగితం మీద ఉంది. దాన్ని చదివి, దరఖాస్తు రాసి, వాయిదా రోజున తోడు వెళ్లే మనిషి లేడు. ఆ మనిషిని మనం ఇవ్వగలం. అందుకే ఈ ఏడాది న్యాయసహాయ నిధి పెట్టాలని కోరుతున్నాము. వకీలు ఫీజుల కోసం కాదు, అవి ప్రభుత్వం ఇస్తుంది. నకళ్ల ఖర్చు, బస్సు ఛార్జీలు, జామీను కాగితాలు, ఫైళ్లు చూసే ఒక చదువుకున్న కుర్రవాడి జీతం, ఇంతే. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చో లేదో ఉలమాలు చెప్పేదాకా ముట్టుకోము, విడిగా ఇచ్చిన విరాళాలే వాడతాము. ఏ మతంవాడని అడగము. నేరం చేశాడో లేదో మేము తేల్చము, అది కోర్టు పని.

డబ్బు ఇవ్వలేనివారు ఒక రసీదు ఇవ్వవచ్చు. మీలో సొంత ఇల్లు ఉన్నవారు చాలామంది ఉన్నారు. జామీను అంటే బాధ్యత. ముద్దాయి వాయిదాకు రాకపోతే నష్టం మీదే. అందుకే కుటుంబాన్ని మేము ముందు కలిసి, అన్నీ మీకు చెప్పాకే సంతకం అడుగుతాము.

ఆ తల్లి కొడుకు చివరికి ఇంటికి వచ్చాడు. మన కమిటీ సభ్యులు ఇద్దరు జామీను నిలిచారు. కేసు ఇంకా నడుస్తోంది, తీర్పు ఏమవుతుందో మాకు తెలియదు. ప్రతి వాయిదాకూ అతను వెళ్తున్నాడు.