గ్రంథాలయపు పట్టికయు, గుర్తుల భాషయు



గ్రంథాలయమున పుస్తకముల తరువాత ముఖ్యమైనది పుస్తకముల పట్టిక. పట్టిక చెడినచో బీరువాలో నున్న పుస్తకమును లేనిదానితో సమానమే. నేడనేక గ్రంథాలయములు పట్టికలను కంప్యూటరున కెక్కించుచున్నవి. ఆ యంత్రము మారినను, దానిని నడపు ప్రోగ్రాము మూలబడినను పట్టిక నిలుచు టెట్లు? ఈ చిక్కును విడదీయుటకు పనికివచ్చు సాధనములలో ఎక్స్.ఎం.ఎల్. అను గుర్తుల భాష యొకటి. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్.జి.ఎం.ఎల్. దీనికి మాతృక. దానిని సులభపరచి 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము దీనిని వెలువరించినది.

"రాజశేఖర చరిత్రము, కందుకూరి వీరేశలింగము, 1880" అని వ్రాసినచో చదువరికి తెలియును. యంత్రమునకు మాత్రము గ్రంథకర్త రాజశేఖరుడో వీరేశలింగమో, 1880 అనునది సంవత్సరమో పుస్తకపు వరుస సంఖ్యయో తెలియదు. <గ్రంథకర్త>కందుకూరి వీరేశలింగము</గ్రంథకర్త> అని పేరునకు ముందువెనుకల గుర్తు లుంచినచో ఆ సందియము తీరును. గుర్తుల పేర్లు తెలుగులోనే యుండవచ్చును. పట్టికను తయారుచేసిన ప్రోగ్రాము నశించినను ఈ వ్రాతను మనుష్యుడు కంటితో చదివి గ్రహింపగలడు. దీని ముఖ్యబల మిదియే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1960 తరువాతి సంవత్సరములలో రూపొందించిన మార్క్ పద్ధతిలో గ్రంథనామమునకు 245 అను సంఖ్య గుర్తు. ఆ సంస్థయే పిమ్మట మార్క్ పట్టికలను ఎక్స్.ఎం.ఎల్.లో వ్రాయు మార్గమును గూడ ఏర్పరచినది.

అయితే మూయవలసిన గుర్తు నొక్కదానిని మరచినను, నియమము తప్పని ప్రోగ్రాము పత్రము నంతను త్రోసిపుచ్చును. వేయి పుస్తకముల పట్టిక కిది కఠినశిక్షయే. తప్పును దాచి సగము పట్టికను మ్రింగి యూరకుండుట కంటె నిది మేలు. గుర్తు పేరును రెండుమార్లు వ్రాయవలసి యుండుటచే వ్రాత బరువెక్కును. అందుచేతనే ప్రోగ్రాములు పరస్పరము సమాచార మిచ్చిపుచ్చుకొనుటకు పలువురు జేసన్ అను తేలికపద్ధతిని వాడుచున్నారు. వాక్యము నడుమ నొక పేరునకు గుర్తు పెట్టవలసినచోట మాత్రము జేసన్ కుంటుపడును.

గ్రంథపాఠమునే ఎక్కించునపుడు మరియొక చిక్కు గలదు. పెట్టెలో పెట్టెవలె లోపలి గుర్తును ముందు మూసినగాని వెలుపలి గుర్తును మూయరాదు. పద్య మొక పుటలో నారంభమై మరుపుటలో ముగిసినచో, పద్యమును పుటయు రెండును పెట్టెలుగా నుండజాలవు. పద్యమును పెట్టెగా నుంచి, పుట మారినచోట నొక చిన్న గుర్తు వేయుట వాడుకలో నున్న యుపాయము.

పేర్ల విషయమున నీ భాష చేయగలిగిన దేమియు లేదు. ఒకచోట "వీరేశలింగము" అనియు, మరియొకచోట "వీరేశలింగం పంతులు" అనియు నున్నచో యంత్రము దృష్టిలో వా రిరువురు. ఏ రూపమును వాడవలయునో గ్రంథపాలకుడే నిర్ణయించి, మొదటి పుస్తక మెక్కించుటకు ముందే వ్రాసి యుంచవలయును.